వీపు మీద చెయ్యి

మా బ్రష్ ఫోర్క్‌లో మగవాళ్ళ తలలన్నీ ఒకేలా ఉంటాయి. ఆదివారం చర్చిలో వెనక బెంచీ మీద కూర్చుని చూస్తే ఏ తల ఎవరిదో పోల్చుకోవడం కష్టం. చెవుల చుట్టూ నున్నగా గొరిగి, నడినెత్తిన మాత్రం గుప్పెడు జుట్టు వదిలేస్తాడు వెర్లిన్ కాడిల్. ఊళ్ళో సెలూన్ ఆయనదొక్కటే. ఆయనకు వచ్చిన క్షవరం కూడా ఒక్కటే. బొగ్గు గనిలో దిగేవాడు కూర్చున్నా, బ్యాంకు మేనేజరు కూర్చున్నా అదే. ఒకసారి కాలేజీ కుర్రాడొకడు పత్రికలోంచి చింపిన బొమ్మ తెచ్చి, నాకిలా కావాలన్నాడు. వెర్లిన్ ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. చాలా బావుందని మెచ్చుకుని అద్దం అంచుకు గుచ్చాడు. తర్వాత అందరికీ చేసే క్షవరమే వాడికీ చేసి పంపాడు.

చలికాలం వస్తే మంగళవారం, శనివారం మధ్యాహ్నమే సెలూన్ మూసేవాడు. నల్లచారల చొక్కా తొడుక్కుని, మెళ్ళో ఈల వేసుకుని, కొండల మీదున్న చిన్నచిన్న కాలేజీలకు బాస్కెట్‌బాల్ ఆటలకు రిఫరీగా వెళ్ళేవాడు. మా వైపు పిల్లాడు పుట్టాడంటే బరువెంతని ఎవరూ అడగరు. పొడుగెంతని అడుగుతారు. అలాంటి చోట ఈల ఊదే పని అంటే ఊరూరా తిట్లు తినడమే. వెర్లిన్ తినేవాడు. ఇంటికొచ్చి ఓపల్ పెట్టిన చిక్కుడు గింజలూ, మొక్కజొన్న రొట్టే తిన్నంత తాపీగా తినేవాడు.

ఓపల్ ఆయన భార్య. మా పక్కిల్లే. ఇద్దరి వంటింటి కిటికీలూ ఎదురెదురు కాబట్టి ఆ ఇంట్లో పొయ్యి మీద ఏముందో, మాటల్లో ఏముందో నాకు తెలియకపోవడం అరుదు. తెలియకపోతే ఒక గిన్నె పట్టుకుని వెళ్ళేదాన్ని.

ఆ చలికాలం వాళ్ళ మాటల్లో ఉన్నదల్లా ఒకటే. ఏటా మార్చి నెలలో కాలేజీలన్నీ కలిసి ఆడే పోటీ ఉంటుంది. దాని ఫైనల్‌కి ఈల ఊదాలని వెర్లిన్‌కు ఎప్పటినుంచో కోరిక. ఒక్కసారీ పిలుపు రాలేదు. ఆయన అరవైకి దగ్గర పడ్డాడు. అరవై దాటితే లీగు వాళ్ళు రిఫరీలను పక్కన పెడతారు. అంటే అదే ఆఖరి ఏడు. ఫైనల్‌కి ఎవర్ని పంపాలో తేల్చేవి కోచ్‌లు వేసే మార్కులు. ప్రతి ఆట అయ్యాక రెండు జట్ల కోచ్‌లూ రిఫరీలకు మార్కులు వేసి పంపుతారు. ఆ ఏడు వెర్లిన్ మార్కులు బాగున్నాయి. ఇంత బాగా మునుపెన్నడూ లేవు. పైకి అనేవాడు కాదు గానీ, కత్తెర ఆడిస్తూ ఈలపాట పాడటం మొదలుపెట్టాడు. అది చాలు మాకు.

అసలు ఆయనకు మంచి పేరు తెచ్చింది ఓపల్ వంటిల్లు. ఈ సంగతి బయటివాళ్ళకు తెలియదు.

ఆటకు రిఫరీలు ఇద్దరుంటారు. ఒకడు బుట్ట కింద నిలబడితే ఇంకొకడు వెనక నిలబడతాడు. ఫౌల్ పడినప్పుడల్లా చోట్లు మారతారు. ఒకడు ప్రతి ఫౌలూ గట్టిగా పట్టుకుని, రెండోవాడు చూసీచూడనట్టు పోయాడంటే ఆట అక్కడే పాడవుతుంది. అందుకని వెర్లిన్ తనతో ఎక్కువగా ఈల ఊదే డోయిల్ ఫ్యూగేట్‌ను ఇంటికి పిలిచి వంటింట్లో సాధన చేయించేవాడు. డోయిల్ కొండకవతల ఊరివాడు, రొట్టెల బండి తోలతాడు. ఆటగాళ్ళు ఎవరంటారా? ఓపల్, నేను. బంతి ఎవరంటారా? సోఫా మీది దిండు.

"హెట్టక్కా, నువ్వు బుట్ట వైపు వీపు పెట్టు" అనేవాడు వెర్లిన్. "ఓపల్, నువ్వు వెనక నిలబడి అక్క వీపు మీద చెయ్యి వెయ్యి. డోయిల్, చెప్పు. ఫౌలా, కాదా?"

"నెట్టలేదుగా అన్నా. ఊరికే ఆనించింది."

"ఫౌలే."

"ఆమాత్రానికేనా?"

"నెట్టిందో లేదో చెప్పాలంటే మనసుతో తూచాలి. ఆనించిందో లేదో చెప్పడానికి కళ్ళు చాలు. మనసు రోజుకో రకంగా ఉంటది డోయిల్. కళ్ళు అట్టా కాదు."

"మరి ఇది?" అని ఓపల్ నన్ను తుంటితో ఒక్క తోపు తోసింది. నేను వెళ్ళి పిండిడబ్బా మీద పడ్డాను.

"అది ఫౌల్ కాదే, కక్ష" అన్నాడు వెర్లిన్.

"పోయిన నెల నా కేకు గట్టిగా ఉందని ఊరంతా చెప్పింది గదా. లెక్క సరిపోయింది" అంది ఓపల్.

లెక్క సరిపోవడం మీద కూడా ఆ వంటింట్లో పెద్ద వాదనే నడిచింది. రిఫరీల్లో ఒక అలవాటుంది. ఒక జట్టు మీద పొరపాటున ఫౌల్ పడితే, కాసేపాగి అవతలి జట్టు మీద ఇంకొకటి ఊరికే వేస్తారు. ఎవరికీ అన్యాయం జరగనట్టు ఉంటుందని. డోయిల్ అదే మంచిదంటాడు.

"తప్పుకి తప్పు పడితే సరిపోద్దన్నా. జనం కూడా చల్లబడతారు."

"ఒక చెవి పక్కన ఎక్కువ గొరిగాననుకో" అన్నాడు వెర్లిన్. "రెండోవైపు కూడా అంతే గొరిగితే సరిపోద్దా? ఒక తప్పు చేసినోణ్ణి రెండు చేసినోణ్ణవుతా."

"నువ్వు చేసే క్షవరానికి తేడా ఏం తెలుస్తుందిలే" అన్నాను నేను. ఆయన నవ్వలేదు. ఈ విషయంలో ఆయనకు హాస్యం పట్టదు.

ఫిబ్రవరిలో మంచు విరగబడి కురిసింది. శనివారం మధ్యాహ్నం మా ఊరి కాలేజీకీ, డన్మోర్ కాలేజీకీ ఆట. ఆ ఆటకు డోయిల్‌తో పాటు ఇంకో రిఫరీ రావాలి. సొంత ఊరి ఆటకు సొంత ఊరి రిఫరీని వేయరు కనుక వెర్లిన్‌కు ఆ రోజు పని లేదు. డోయిల్ ముందురోజే వచ్చి వాళ్ళింట్లో పడుకున్నాడు. రెండో రిఫరీ కారు మాత్రం కొండ దిగుతూ జారి గోతిలో పడింది. మనిషికేమీ కాలేదు, కానీ ఆటకు అందడు. డన్మోర్ పిల్లలు అప్పటికే బస్సులో వచ్చేశారు. వాళ్ళను వెనక్కి పంపినా మళ్ళీ రావడానికి తారీఖుల్లేవు.

మా కాలేజీ కోచ్ బ్లెడ్‌సో మంచులో నడుచుకుంటూ సెలూన్‌కి వచ్చాడు. డన్మోర్ కోచ్ ప్రూయిట్‌ను కూడా వెంటబెట్టుకొచ్చాడు. నేను సరిగ్గా అప్పుడే వెర్లిన్‌కు వేడి కాఫీ తీసుకెళ్ళాను. ఇద్దరు కోచ్‌లు ఒకే గొడుగు కింద నడిచి వెళ్తుంటే ఇంట్లో ఎవరు కూర్చోగలరు?

"వెర్లిన్, నువ్వే దిక్కు" అన్నాడు బ్లెడ్‌సో. "ప్రూయిట్ కూడా సరేనన్నాడు."

"సరేనన్నా" అన్నాడు ప్రూయిట్. పొట్టివాడు, టోపీ తీయడు. "నీ గురించి విన్నా. నీ ఊరోడని నువ్వు ఎవర్నీ వదలవంట. చూద్దాం."

ఓపల్ గుమ్మంలోనే నిలబడి ఉంది. వాళ్ళు అటు వెళ్ళగానే మొదలెట్టింది. "వద్దయ్యా. ఊరు గెలిస్తే ప్రూయిట్ నీ మార్కులు కోస్తాడు. ఓడితే బ్లెడ్‌సో కోస్తాడు. రెండిట్లో ఏదైనా నీ ఫైనల్ మంచులో కలిసిపోద్ది. ఒంట్లో బాలేదని చెప్పు."

"అంత దూరం నుంచి పిల్లలొచ్చారే."

"పిల్లలు మళ్ళీ వస్తారు. నీకు మళ్ళీ ఏడు లేదు."

వెర్లిన్ చారల చొక్కా కోసం చూశాడు. అది ఉతికి సెలూన్ పొయ్యి పక్కన ఆరేసి ఉంది. ఓపలే తీసి విసిరింది. మొహాన పడింది.

ఆట మొదలయ్యే సరికి కాలేజీ హాల్లో కాలు పెట్టే చోటు లేదు. మంచుకి గనులు మూసేశారు కనుక ఊరంతా అక్కడే ఉంది. మా జట్టుకు ప్రాణం ర్యాండల్ నేపియర్. మా వీధి చివరింటి పిల్లాడు. వాడి తలకు మొదటి క్షవరం చేసింది వెర్లినే. అప్పుడు వాడు ఏడ్చిన ఏడుపు నాకింకా చెవుల్లో ఉంది. ఇప్పుడు వాడు గుమ్మంలోంచి వంగి రావాలి. వాడికి ఎదురు నిలబడేది డన్మోర్ వాళ్ళ పొడుగాటి కుర్రాడు గ్యాడిస్. ఇద్దరి పనీ ఒకటే. బుట్ట దగ్గర బంతి అందుకోవాలి, ఎదుటివాణ్ణి అందుకోనివ్వకూడదు.

ఆట మొదలైన కాసేపటికే గ్యాడిస్ బంతి అందుకున్నాడు. వెనకున్న ర్యాండల్ వాడి వీపు మీద చెయ్యి ఆనించాడు. వెర్లిన్ ఈల ఊదాడు. సరే, మా వంటింటి చట్టం అదే గదా అనుకున్నాను. కాసేపటికి ర్యాండల్ బంతి అందుకున్నాడు. గ్యాడిస్ వాడి వీపు మీద చెయ్యి వేశాడు. బుట్ట కింద వెర్లినే ఉన్నాడు. ఈల లేదు.

చూడలేదేమో అనుకున్నాను. మళ్ళీ అటు ర్యాండల్ చెయ్యి, ఈల. ఇటు గ్యాడిస్ చెయ్యి, ఈల లేదు. ఇంకోసారి ర్యాండల్ మోచెయ్యి తగిలీ తగలనట్టు తగిలింది, మూడో ఫౌల్ పడింది. ఐదు పడితే ఆటలోంచి వెళ్ళిపోవాలి. ర్యాండల్ ఆయన వైపు తిరిగి అరచేతులు చాపాడు. చిన్నప్పుడు కుర్చీలో కూర్చుని అద్దంలో ఆయన్ని చూసిన చూపే అది.

జనం ఊరుకుంటారా? "వెర్లినూ, నీ కత్తి మొండిదైతే కళ్ళు కూడానా!" అని గనిలో పనిచేసే ఊడీ ముసలాయన అరిచాడు. "డన్మోర్‌లో సెలూన్ పెడుతున్నావా ఏంది?" అన్నారెవరో. నేనూ అరిచాను. "ఆ చారల చొక్కా విప్పి వాళ్ళ చొక్కా తొడుక్కోవయ్యా!" అని. నా పక్కనున్న ఓపల్ మాత్రం ఒళ్ళో చేతులు ముడుచుకుని, ఆయన్నే చూస్తోంది.

సగం ఆట అయ్యేసరికి డన్మోర్ పదకొండు పాయింట్లు ముందుంది. ఓపల్ లేచింది. నేనూ మంచినీళ్ళ కోసమని లేచాను. రిఫరీలు బట్టలు మార్చుకునేది బాయిలర్ పక్కనున్న చిన్న గది. దాని తలుపు సరిగ్గా పడదు.

డోయిల్ గొంతు ముందు వినిపించింది. "అన్నా, ఏమనుకోవద్దు. నీకివాళ రెండు కొలతలున్నాయి. ఊరోడివని అంటారేమో అన్న భయంతో ఊరి మీదే పడుతున్నావ్."

ఓపల్ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. ఆడవాళ్ళు రాకూడని గది అది. ఆయన బెంచీ మీద వంగి కూర్చున్నాడు. ఆమె వెనక్కి వెళ్ళి, ఆయన వీపు మీద అరచెయ్యి ఆనించింది.

"ఇదేంది?"

"ఫౌల్" అన్నాడు ఆయన తల ఎత్తకుండానే.

"మన పిల్లాడు పెడితేనా? ఎవరు పెట్టినానా?"

నేను తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. క్షవరం అలాంటిది కాబట్టి అవి దాగవు.

"ఎవరు పెట్టినా" అన్నాడు చివరికి. "నేను కళ్ళతో చూళ్ళేదే. ఆ ప్రూయిట్ టోపీ కిందనుంచి చూస్తున్నట్టుంది. ఊరోడు, ఊరోడు అని చెవుల్లో మోగుతా ఉంది."

"అయితే ఏముందన్నా" అన్నాడు డోయిల్. "రెండో సగంలో ర్యాండల్ చేతులు రెండుమూడు సార్లు చూడనట్టు పో. గ్యాడిస్ మీద రెండు ఊరికే వేసెయ్. సరిపోద్ది. ఎవరికీ తెలీదు. నీ మార్కులూ నిలబడతాయ్."

"రెండో చెవి పక్క గొరగమంటావా?"

డోయిల్ తల గోక్కున్నాడు. వాడిది కూడా వెర్లిన్ క్షవరమే.

వెర్లిన్ బయటికొచ్చాడు. తలుపు పక్కన నన్ను చూశాడు. "నీళ్ళు దొరికినయ్యా అక్కా?" అన్నాడు. అంతే. నేరుగా హాల్లోకి వెళ్ళి, రెండో సగం మొదలయ్యే ముందు ఇద్దరు కోచ్‌లనీ మధ్య గీత దగ్గరికి పిలిచాడు. గుసగుసలాడొచ్చు గదా? ఆడలేదు. మొదటి వరసల్లో ఉన్నవాళ్ళందరికీ వినపడింది. అక్కడి నుంచి పాప్‌కార్న్ పొట్లం చేతులు మారినట్టు వెనక వరసల దాకా పాకింది.

"మొదటి సగంలో వీపు మీద చెయ్యి ఒక జట్టుకి వేశా, ఇంకో జట్టుకి వెయ్యలేదు. తప్పు నాది. ఇప్పట్నుంచి ఎవరు పెట్టినా వేస్తా."

ప్రూయిట్ మొట్టమొదటిసారి టోపీ తీశాడు. "ఆట మధ్యలో చట్టం మారుస్తావా?"

"చట్టం మారలేదు కోచ్. నేను మారా. ఇప్పుడు చోటికొచ్చా."

"ఇట్టా బయటకి చెప్పే రిఫరీని నేనెక్కడా చూళ్ళేదు!"

బ్లెడ్‌సో ముందుకు వంగాడు. "మంచిది. మరి మావాడి మీద పడ్డ మూడు? అవి తీసెయ్."

"తియ్యలేను."

"తప్పన్నావుగా!"

"ర్యాండల్ చెయ్యి పెట్టాడు కోచ్. ఆ మూడూ ఫౌల్సే. తప్పు అవతల వెయ్యకపోవటం. అది తిరిగి తేలేను."

బ్లెడ్‌సో ముఖం కందగడ్డలా అయింది. మా ఊరివాళ్ళు బెంచీలు తన్నడం మొదలెట్టారు. ఒప్పుకున్నవాడి మీద కోపం ఒప్పుకోనివాడి మీద కంటే ఎక్కువగా వస్తుంది. ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. నేనూ తన్నాను మరి.

రెండో సగం వేరే ఆటలా నడిచింది. గ్యాడిస్ చెయ్యి పెట్టాడు, ఈల. ర్యాండల్ చెయ్యి పెట్టాడు, ఈల. నాలుగోది. గ్యాడిస్ మళ్ళీ పెట్టాడు, మళ్ళీ ఈల. డోయిల్ కూడా అదే పట్టుకున్నాడు. కాసేపటికి పిల్లలకు అర్థమైంది. చేతులు తీసేసి కాళ్ళతో ఆడటం మొదలెట్టారు. అప్పుడు మా ర్యాండల్ ఆడిన ఆట చూడాలి! పదకొండు తగ్గి ఆరయింది, ఆరు మూడయింది. చివరికి మేమే ఒకటి ముందుకెళ్ళాం. హాలు పైకప్పు మీది మంచు జారి పడింది మా అరుపులకు. ఊడీ ముసలాయన మునుపు తిట్టిన సంగతి మర్చిపోయి "మా వెర్లిన్, మా వెర్లిన్" అని రొమ్ము చరుచుకుంటున్నాడు.

ఇంకో పది సెకన్లలో ఆట అయిపోతుంది. బంతి గ్యాడిస్‌కు అందింది. బుట్ట వైపు వీపు. వెనక ర్యాండల్. గ్యాడిస్ బంతి వెయ్యడానికి తిరగబోయాడు. ర్యాండల్ అరచెయ్యి వెళ్ళి వాడి వీపు మీద ఆనింది. నెట్టలేదు. నేను చూశాను. ఊరికే ఆనింది, చీకట్లో గోడ తడుముకున్నట్టు.

ఈల మోగింది.

నేను ఓపల్ మొహం చూశాను. ఆమె కళ్ళు మూసుకుంది.

ర్యాండల్‌కు ఐదోది. వాడు నడుచుకుంటూ వెళ్ళి బెంచీ మీద కూర్చుని తువ్వాలు తల మీద కప్పుకున్నాడు. గ్యాడిస్ గీత దగ్గర నిలబడి, ఆ ఫౌల్‌కు దక్కిన రెండు బంతులూ బుట్టలో వేశాడు. మిగిలిన సెకన్లలో మావాళ్ళకు బుట్ట అందలేదు. ఒక్క పాయింటుతో ఓడాం. ఈసారి ఎవరూ అరవలేదు. కోట్లు తొడుక్కుని, మంచులోకి దిగి, ఇళ్ళకు వెళ్ళిపోయారు. అరిచి ఉంటే బాగుండేది.

సోమవారం సెలూన్ తెరిచాడు. ఎవరూ రాలేదు. మంగళవారమూ అంతే. పోను పోను మా ఊళ్ళో మగవాళ్ళ చెవుల మీదికి జుట్టు దిగడం నేను మొదటిసారి చూశాను. చర్చి విందుకి ఓపల్ ఎండు ఆపిల్ ముక్కలతో పొరల కేకు చేసి తెచ్చింది. ఎనిమిది పొరలు. అందరూ దాని పక్కనుంచి చెయ్యి చాపి ఇంకో కేకు తీసుకున్నారు. నేను రెండు ముక్కలు తిన్నాను. మూడోది ఆమే పెట్టింది.

"గట్టిగా ఉందా?" అంది.

"దూదిలా ఉందే."

"అబద్ధాలాడకు. ఉప్పు వెయ్యటం మర్చిపోయా."

నిజంగానే మర్చిపోయింది. ఆమె దిగులు ఊరి గురించి కాదు. ఊరు నెల తిరిగేసరికి జుట్టు కోసమైనా వస్తుంది. ఫైనల్‌కి రిఫరీల పేర్లు మాత్రం ఆ వారమే తేలిపోతాయి. "ఇద్దరూ మార్కులు కోసుంటారు హెట్టక్కా" అంది. "ఒకడు తప్పు చేసినందుకు, ఇంకొకడు దిద్దుకున్నందుకు."

గురువారం బ్లెడ్‌సో వీధిలో కనిపించాడు. సెలూన్ వైపు నడుస్తున్నాడు. నేను చేతికందిన గిన్నె పట్టుకుని వెళ్ళాను. ఖాళీ గిన్నె అని అక్కడికి వెళ్ళాక తెలిసింది.

ఆయన కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చాడు. "గడ్డం కూడా" అన్నాడు. వెర్లిన్ నురుగు పూశాడు. కత్తి తోలు మీద నూరాడు. ఎంతసేపని ఆగేది?

"కోచ్, మార్కులు వేశావా?" అన్నాను.

"అక్కా!" అన్నాడు వెర్లిన్.

"మెడ మీద కత్తి ఉంది గదా, నిజమే చెప్తాడ్లే" అన్నాను.

బ్లెడ్‌సో నురుగు కిందనుంచే నవ్వాడు. "వేశా. ఎంత వెయ్యొచ్చో అంతా వేశా."

వెర్లిన్ కత్తి ఆగింది.

"నా మీద జాలా కోచ్?"

"జాలేందయ్యా. మూడు రోజులు నిద్రపట్టలేదు నిన్ను తిట్టుకోవటంతో. తర్వాత ర్యాండల్‌ని అడిగా, ఆఖర్న చెయ్యి పెట్టావా అని. పెట్టా కోచ్, ఆయన వేస్తాడని తెలుసు, అయినా చెయ్యి దానంతటదే పోయింది అన్నాడు. వేస్తాడని తెలుసంట! ఇన్నేళ్ళలో నా పిల్లలకి రిఫరీ ఏం చేస్తాడో ముందే తెలిసింది ఆ సగం ఆటలోనే. ఇంకేం వెయ్యను?"

"ప్రూయిట్?"

బ్లెడ్‌సో పైకప్పు వైపు చూశాడు. "లీగు ఆఫీసుకి ఫోన్ చేశా. ప్రూయిట్ అడుక్కి వేశాడంట. ఆట మధ్యలో తప్పు ఒప్పుకున్నోడు ఫైనల్లో కూడా ఒప్పుకుంటే కొంప మునుగుద్దన్నాడంట. రెండూ కలిపితే..." అని ఆగిపోయాడు.

"ఫైనల్ లేదు" అన్నాడు వెర్లిన్.

"లేదు. మూడో స్థానం ఆట ఇచ్చారు. మార్చిలో, శనివారం మధ్యాహ్నం. ఫైనల్‌కి ముందు."

వెర్లిన్ తలూపాడు. మళ్ళీ కత్తి కదిపాడు. గడ్డం రెండు వైపులా ఒకే లోతున గీశాడు. తువ్వాలు దులపడానికి గుమ్మంలోకి వెళ్ళినవాడు మాత్రం చాలాసేపు దులిపాడు. ఆ తువ్వాల్లో అంత జుట్టేమీ లేదు.

మూడో స్థానం ఆట ఎవరూ చూడరు. సెమీఫైనల్లో ఓడిన రెండు జట్లు, బస్సు దొరకనివాళ్ళు, హాలు ఊడ్చేవాళ్ళు, అంతే. వెర్లిన్ ఒక్కడే డోయిల్ రొట్టెల బండిలో వెళ్తానన్నాడు. ఓపల్‌ను రావద్దన్నాడు. "చూసేందుకేం లేదే."

అది విన్నాక నేను చర్చి బస్సు తోలే పాస్టరు గారింటికి వెళ్ళాను. అక్కడి నుంచి ఊడీ ముసలాయన దగ్గరికి. "ఆ రోజు మా వెర్లిన్ అని నువ్వు రొమ్ము చరుచుకున్నావు, నేను చూశా. ఇప్పుడు వస్తావా రావా?" అన్నాను. ఆయన గొణిగాడు, చెవుల మీది జుట్టు సర్దుకున్నాడు, వచ్చాడు. ఒక్కొక్క గుమ్మం ఎక్కేసరికి బస్సు నిండింది. ర్యాండల్ చివర్న ఎక్కి కాళ్ళు పట్టక దారి మధ్యలో చాపుకుని కూర్చున్నాడు. ఓపల్ ఒళ్ళో కేకు డబ్బా ఉంది. ఈసారి ఉప్పు వేసింది. నేను అడిగాను.

ఆ హాలు పెద్దది. ఖాళీగా ఉంటే ఇంకా పెద్దగా కనిపిస్తుంది. బంతి చప్పుడు గోడలకు తగిలి తిరిగొస్తోంది. మేం వెళ్ళేసరికి ఆట మొదలైపోయింది. మధ్యలో వెర్లిన్ చారల చొక్కాలో, దీక్షగా, ఫైనలే ఊదుతున్నట్టు పరుగెడుతున్నాడు. మేం బిలబిలా వెళ్ళి ఒకే చోట కూర్చున్నాం. రిఫరీ జనం వైపు చూడకూడదు. ఆయన చూడలేదు.

ఇటు వైపు ఒకడు ఇంకొకడి వీపు మీద చెయ్యి ఆనించాడు. ఈల. కాసేపటికి అటు వైపు. ఈల. అదే చెయ్యి ఎత్తడం, అదే గొంతు.

నేను లేచి నిలబడ్డాను. అరచేతులు నోటి దగ్గర పెట్టుకుని, ఆ ఖాళీ హాలంతా మోగేలా అరిచాను. "ఒరే వెర్లినూ! కళ్ళు సెలూన్లో వదిలేసొచ్చావా? అది ఫౌలెట్టా అవుద్దయ్యా!"

ఊడీ అందుకున్నాడు. "కత్తి మొండిదైతే కళ్ళు కూడానా!" పాస్టరు గారు కూడా ఏదో అన్నారు. దేవుడు విని ఉండడు గానీ మేం విన్నాం. ఓపల్ పమిటలా చుట్టుకున్న శాలువాలో మొహం దాచుకుని పడీపడీ నవ్వుతోంది.

ర్యాండల్ నా చెయ్యి పట్టి లాగాడు. "అవ్వా, అది నిజంగా ఫౌలే. చెయ్యి ఆనించాడు. నేను చూశా."

"నాకు తెలీదట్రా? ఓపల్ చెయ్యి ఎన్నిసార్లు ఆనిందో నా వీపు మీద."

"మరెందుకు తిడతావ్?"

"తిట్టకపోతే ఆయనకి మనం వచ్చామని ఎట్టా తెలుస్తది?"

కింద వెర్లిన్ మా వైపు చూడలేదు. ఈల మాత్రం నోట్లోంచి తీసి, చొక్కాకు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి. ర్యాండల్ లేచి నిలబడ్డాడు. వాడు లేస్తే హాల్లో సగం దీపాలు కనబడవు. నోటి చుట్టూ చేతులు పెట్టుకుని, నాకంటే గట్టిగా మొదలెట్టాడు.